గడప ఎత్తు తగ్గించి మెథడోన్ ఇవ్వడం ఎలా: ఓపియాయిడ్ చికిత్సా కేంద్రాల సిబ్బందికి ఒక మార్గదర్శి

హెరాయిన్‌కో, సూదితో ఎక్కించుకునే నొప్పి మందులకో ఏళ్ళ తరబడి లోబడిపోయిన మనిషి చికిత్స కావాలంటూ తనంతట తానే ఆస్పత్రి మెట్లెక్కే రోజు తరచుగా రాదు. వచ్చిన రోజున కూడా ఆ నిర్ణయం సాయంత్రం దాకా నిలుస్తుందని చెప్పలేము. చివరిసారి మత్తుమందు తీసుకుని ఎనిమిది, పది గంటలు గడిచేసరికి ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్ళంతా పీకడం, కడుపులో మెలిపెట్టడం మొదలవుతాయి. ఆ బాధను పది నిమిషాల్లో తగ్గించే పొట్లం ఎక్కడ దొరుకుతుందో అతనికి బాగా తెలుసు. అటువంటి మనిషిని కౌంటరు దగ్గర ఆపి, ఆధార్ కార్డు అడిగి, ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకు రమ్మని, మూత్రపరీక్ష ఫలితం చూశాక సోమవారం మాట్లాడదామని పంపిస్తే, చాలాసార్లు ఆ సోమవారం అతను రాడు. కొందరు ఇక ఎప్పటికీ రారు.

చికిత్సలో చేరడానికీ, చేరాక కొనసాగడానికీ పెట్టే షరతులన్నిటినీ కలిపి గడప అనుకుంటే, ఆ గడప ఎత్తును వీలైనంత తగ్గించి మెథడోన్ (హెరాయిన్ వంటి ఓపియాయిడ్లు, అంటే నల్లమందు జాతి మత్తుమందుల బదులు రోజూ నోటి ద్వారా ఇచ్చే మందు) ఇచ్చే పద్ధతిని తక్కువ గడప చికిత్స అంటారు. వచ్చిన రోజునే పరీక్షించి మందు మొదలుపెట్టడం, మత్తుమందు పూర్తిగా మానేస్తానన్న మాట ముందే తీసుకోకపోవడం, మధ్యలో తప్పటడుగు వేసినంత మాత్రాన పేరు కొట్టేయకపోవడం దీనికి ప్రాణం. అయితే మెథడోన్ నెమ్మదిగా శరీరంలో పేరుకుని, పొరపాటు జరిగితే ఊపిరి ఆపేయగల మందు. కాబట్టి ఈ మార్గదర్శి అంతటా నేను పట్టుబట్టేది ఒక్కటే: సడలింపు తలుపు దగ్గర ఉండాలి, మందు కొలిచే చోట ఉండకూడదు. ఈ రెంటినీ తారుమారు చేసిన కేంద్రాలు, అంటే తలుపు దగ్గర కఠినంగా, కొలత దగ్గర అశ్రద్ధగా ఉండేవి, రోగులను రెండు విధాలా పోగొట్టుకుంటాయి. ఇక్కడ చెప్పే మోతాదులు శిక్షణ పొందిన వైద్యుల పర్యవేక్షణలో ఇవ్వడానికి ఉద్దేశించినవి; ఇంట్లో ఎవరికి వారు ప్రయత్నించడానికి కావు.

మెథడోన్ ఏం చేస్తుందో కుటుంబాలకు చెప్పే తీరులోనే సగం పని ఉంది. హెరాయిన్ కొద్ది గంటల్లో ఎక్కి దిగిపోతుంది. అందుకే రోజుకు మూడు, నాలుగుసార్లు వెతుక్కోవలసి వస్తుంది. నోటి ద్వారా ఇచ్చే మెథడోన్ రెండు నుంచి నాలుగు గంటల్లో గరిష్ఠ స్థాయికి చేరి, అక్కడి నుంచి చాలా మెల్లగా తగ్గుతుంది. మోతాదు కుదిరిన తర్వాత రోజుకు ఒక్కసారి తాగితే విత్‌డ్రాయల్ (మత్తుమందు ఆగినప్పుడు వచ్చే) బాధ రాదు, తహతహ తగ్గుతుంది, మత్తులో తూగడమూ ఉండదు. ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చిందని తల్లిదండ్రులు బాధపడతారు. దానికి సమాధానం వాదంతో చెప్పనక్కరలేదు. నెల రోజుల తర్వాత అతను ఉదయం మందు తాగి పనికి వెళ్ళి, సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం తింటున్నాడా లేదా అన్నది వాళ్ళే చూస్తారు.

ఈ చికిత్స న్యూయార్క్‌లో 1960ల మధ్యలో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే వైద్యులు, వారితో పనిచేసిన మేరీ జీన్ క్రీక్ చేసిన పరిశోధనతో మొదలైంది. గడప తగ్గించే ప్రయత్నాలు ఆ తర్వాతి దశాబ్దంలో వచ్చాయి. హాంకాంగ్ ప్రభుత్వం 1972లో ప్రయోగంగా మొదలుపెట్టి 1976లో విస్తరించిన క్లినిక్కుల్లో స్థానికులు ఒక్కో రాకకు ఒక్క హాంకాంగ్ డాలరు చెల్లించి మందు తాగి వెళ్ళగలిగారు. సూదులతో మత్తుమందు తీసుకునేవారిలో హెచ్‌ఐవీ ఆసియాలోని చాలా నగరాలను ముంచెత్తినా అక్కడ తక్కువగానే ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1979 నుంచి మెథడోన్‌ను బస్సులోనే వీధుల్లోకి తీసుకెళ్ళారు. రోజూ వచ్చి అక్కడే తాగాలి, పేరు నమోదు చేసుకోవాలి, అప్పుడప్పుడు వైద్యుణ్ణి కలవాలి; అంతకుమించి వ్యసనం మానాలన్న షరతు పెట్టలేదు.

కౌన్సెలింగ్ లేకుండా మందు ఒక్కటే ఇస్తే ఏం లాభమని అడిగేవారికి అమెరికాలోని బాల్టిమోర్‌లో జరిగిన అధ్యయనం మంచి జవాబు. చికిత్సలో చోటు లేక వేచి ఉన్నవారిలో కొందరికి కౌన్సెలింగ్ జోలికి పోకుండా వెంటనే మెథడోన్ ఇచ్చారు, మిగిలినవారిని మామూలుగానే వేచి ఉంచారు. 120 రోజులు గడిచేసరికి మందు అందుకున్నవారిలో దాదాపు 76 శాతం పూర్తిస్థాయి చికిత్సలో చేరారు. వేచి ఉన్నవారిలో చేరింది 21 శాతం మాత్రమే. అనేక దేశాల సమాచారాన్ని కలిపి 2017లో చేసిన విశ్లేషణలో, మెథడోన్ తీసుకుంటున్న కాలంలో ఏడాదికి వెయ్యి మందికి సుమారు 11 మంది చనిపోతే, చికిత్స బయట ఉన్న కాలంలో 36 మంది చనిపోయారు. మన కౌంటరు దగ్గర ఒక మనిషిని వెనక్కి పంపినప్పుడు అతన్ని పంపేది ఆ రెండో లెక్కలోకే.

తలుపు దగ్గర తీసేయవలసినవి

గుర్తింపు కార్డు లేదన్న కారణంతో మొదటి డోసు ఆపకండి. వీధిలోనో, రైల్వే స్టేషన్ పక్కనో బతికేవారి దగ్గర కాగితాలు ఉండవు. ఉన్నవారికి కూడా పోలీసులకు తెలుస్తుందేమో, ఊళ్ళో పొక్కుతుందేమో అన్న భయం ఉంటుంది. ఒకే మనిషి రెండు చోట్ల మందు తీసుకోకుండా చూడటానికి ఫోటో, పుట్టుమచ్చలు, కేంద్రం ఇచ్చే నంబరు సరిపోతాయి. కార్డు సంపాదించడంలో తర్వాత కౌన్సెలర్ సాయం చేయవచ్చు, అది చికిత్సలో భాగమే అవుతుంది.

కుటుంబ సభ్యుడు తప్పనిసరిగా వెంట రావాలన్న నియమం కూడా అటువంటిదే. ఇంట్లోవాళ్ళ తోడు ఎంతో మేలు చేస్తుంది, కానీ ఇల్లు వదిలి పదేళ్ళయినవాడికీ, భర్తే మత్తుమందు అలవాటు చేసిన భార్యకూ అది దాటలేని గోడ. వయోజనుడైన రోగి సంతకం లేదా వేలిముద్ర చాలు. ఏ మందు ఇస్తున్నారో, ఎందుకు రోజూ రావాలో, మానేస్తే ఏమవుతుందో, మద్యంతో కలిపితే ఏం ప్రమాదమో అతని భాషలో చెప్పి, అతని నోటితో తిరిగి చెప్పించుకున్నాకే ఆ సంతకం తీసుకోవాలి.

కౌన్సెలింగ్‌ను అందుబాటులో ఉంచండి, రమ్మని పిలవండి, రాకపోతే మందు ఆపకండి. మొదటి వారం కౌన్సెలర్‌తో ముభావంగా ఉన్నవాడే మూడో నెలలో కుర్చీ లాక్కుని కూర్చుని గంటసేపు మాట్లాడటం ఈ పనిలో ఉన్నవారందరూ చూసేదే. అలాగే పని వేళలు. కూలికి వెళ్ళేవాడు ఉదయం ఏడింటికే అడ్డా మీద ఉండాలి. కేంద్రం పది గంటలకు తెరిస్తే మందుకో, కూలికో ఏదో ఒకదానికి నీళ్ళు వదులుకోవాలి. పొద్దున్నే రెండు గంటలు, సాయంత్రం ఒక గంట తెరిచి ఉంచడానికి వీలుందేమో చూడండి. ఆదివారాలు, పండుగ రోజులు కూడా మూయకూడదన్నది వేరే చెప్పనక్కరలేదు, ఎందుకంటే సంక్రాంతి రోజున విత్‌డ్రాయల్ ఆగదు.

మొదటి రోజు పరీక్ష

తలుపు తెరిచాక కుర్చీలో కూర్చోబెట్టి చేసే పరీక్షలో మాత్రం తొందర పనికిరాదు. ఆ మనిషి నిజంగా ఓపియాయిడ్ మీద ఆధారపడి ఉన్నాడని నిర్ధారించుకోవడం మొదటి పని, ఎందుకంటే అలవాటు లేని శరీరానికి 30 మిల్లీగ్రాముల మెథడోన్ కూడా ప్రమాదకరం కావచ్చు. ఏ మందు, ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఎలా తీసుకుంటున్నారు, చివరిసారి ఎప్పుడు తీసుకున్నారు అని అడగండి. గత వారంలో జైల్లోనో, ఆస్పత్రిలోనో, డీ-అడిక్షన్ కేంద్రంలోనో ఉన్నారా అన్న ప్రశ్న మరవవద్దు. నెల రోజులు మత్తుమందుకు దూరంగా ఉన్నవాడి శరీరం పాత మోతాదును తట్టుకోదు. అతని మనసుకు ఆ సంగతి తెలియదు.

చెప్పినదాన్ని శరీరంలో చూడండి. చేతుల మీద పాత, కొత్త సూది గుర్తులు, గట్టిపడిన నరాలు, చీము పట్టిన గడ్డలు వాడకం ఎన్నాళ్ళదో చెబుతాయి. పెద్దవైన కనుపాపలు, కళ్ళవెంట నీరు, నిక్కబొడుచుకున్న రోమాలు, చెమట, కుర్చీలో నిలకడగా కూర్చోలేకపోవడం విత్‌డ్రాయల్‌కు గుర్తులు. వీటికి మార్కులు వేసే ప్రామాణిక పట్టికలు ఉన్నాయి, వాటిని వాడి అంకెను రోజువారీగా రాసిపెట్టడం తర్వాత మోతాదు పెంచేటప్పుడు ఎంతో ఉపయోగపడుతుంది. ఇదే చికిత్సకు వాడే మరో మందు బ్యూప్రినార్ఫిన్ మొదలుపెట్టాలంటే రోగి స్పష్టమైన విత్‌డ్రాయల్‌లో ఉండాలి, లేకపోతే ఆ మందే విత్‌డ్రాయల్‌ను ఒక్కసారిగా రప్పిస్తుంది. మెథడోన్‌కు ఆ ఇబ్బంది లేదు. ఏళ్ళ తరబడి పెద్ద మోతాదులు వాడిన, కొన్ని గంటలు కూడా ఆగలేని రోగులకు మెథడోన్ అనువుగా ఉండటానికి ఇదొక కారణం. మూత్రపరీక్ష చేస్తే మంచిదే, కానీ దాని ఫలితం కోసం మొదటి డోసు ఆపవలసిన పని లేదు.

మన ప్రాంతంలో తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఒకటుంది, దాన్ని బయటి దేశాల పుస్తకాల్లో వెతికితే దొరకదు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన వ్యక్తిని మద్యం తాగుతారా అని అడిగితే లేదనే చెప్పవచ్చు, ఎందుకంటే చాలామంది కల్లును మద్యంగా లెక్కించరు. ఆ కల్లులో అల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మే కల్తీ దశాబ్దాలుగా ఉంది. నిద్రమాత్రల జాతికి చెందిన ఈ మందులు మెథడోన్‌తో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాబట్టి కల్లు తాగుతారా, ఏ దుకాణంలో, రోజుకు ఎన్ని సీసాలు, ఒక రోజు తాగకపోతే చేతులు వణుకుతాయా, నిద్ర పట్టదా, మూర్ఛ ఎప్పుడైనా వచ్చిందా అని విడివిడిగా అడగండి. తాగుతానన్న కారణంతో చికిత్స నిరాకరించకూడదు. మెథడోన్‌ను తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, కల్లును ఒక్కసారిగా మాన్పించకుండా, దానికి వేరే వైద్య ప్రణాళిక వేయాలి. హఠాత్తుగా కల్లు మానేస్తే వచ్చే మూర్ఛలు, మతిభ్రమణం వాటికవే ప్రాణాంతకం.

పెద్దవారికి సాధారణంగా మొదటి డోసు 20 నుంచి 30 మిల్లీగ్రాములు. నిద్రమాత్రలు, మద్యం, కల్తీ కల్లు వాడేవారికి, వయసు మీదపడినవారికి, కాలేయమో ఊపిరితిత్తులో బాగా దెబ్బతిన్నవారికి, ట్రమడాల్ వంటి తక్కువ బలమున్న నొప్పి మాత్రలే వాడేవారికి, లేదా ఎంత అలవాటుందో తేలనివారికి 10 నుంచి 20 మధ్య మొదలుపెట్టడం క్షేమం. డోసు తాగాక మూడు, నాలుగు గంటలు కేంద్రంలోనే ఉంచుకుని, మందు గరిష్ఠ స్థాయికి చేరినప్పుడు ఎలా ఉన్నాడో చూడాలి. తూగుతుంటే మరునాడు తగ్గించాలి. ఇంకా స్పష్టమైన విత్‌డ్రాయల్ కనిపిస్తే, 30 కంటే తక్కువతో మొదలుపెట్టిన వ్యక్తికి వైద్యుడు మరో 5 లేదా 10 ఇవ్వవచ్చు, కానీ మొదటి రోజు మొత్తం 30 దాటనివ్వకపోవడం మంచిది. ఆ రాత్రి రోగికి కొంత బాధ ఉంటుందని దాచకుండా చెప్పండి. ఈ మందు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే విన్న మనిషి, మొదటి రాత్రి బాధను మోసంగా భావించడు.

మొదటి రెండు వారాలు

మెథడోన్ చికిత్సలో మరణాలు ఎక్కువగా జరిగేది మొదటి రెండు వారాల్లోనే. దాని కారణం ఒక చిన్న లెక్కలో ఉంది. ఈ మందు శరీరంలో సగానికి తగ్గడానికి సగటున 24 నుంచి 36 గంటలు పడుతుంది. 24 గంటలనే తీసుకుందాం. మొదటి రోజు 30 ఇచ్చారు. మరునాడు వచ్చేసరికి లోపల 15 మిగిలే ఉంది, పైన మరో 30 ఇస్తే 45 అవుతుంది. మూడో రోజు అది 52, నాలుగో రోజు 56. మీరు రిజిస్టరులో రోజూ 30 అని రాస్తూనే ఉన్నారు, శరీరంలో ఉన్నది మాత్రం దాదాపు రెండింతలైంది. మొదటి రోజు చాలలేదని రెండో రోజు 40, మూడో రోజు 50 చేసుకుంటూ పోతే, నాలుగో రోజు రాత్రి గురక పెడుతూ పడుకున్న మనిషి తెల్లవారి లేవకపోవచ్చు. కొత్తగా చేరిన వైద్యులకు, నర్సులకు ఈ లెక్కను కాగితం మీద వేయించి చూపించాలని నా గట్టి అభిప్రాయం. ఉపన్యాసం మరిచిపోతారు, తాము వేసిన లెక్కను మరవరు.

అందుకే మూడు నుంచి ఐదు రోజులకు ఒకసారి, 5 నుంచి 10 మిల్లీగ్రాములు మించకుండా పెంచాలి, పెంచే ముందు ప్రతిసారీ రోగిని చూడాలి. చాలామందికి 60 నుంచి 120 మధ్య ఎక్కడో ఒకచోట కుదురుతుంది. రోజంతా బాధ లేకపోవడం, తహతహ తగ్గడం, మందు తాగాక కూడా మెలకువగా, చురుకుగా ఉండటం సరైన మోతాదుకు గుర్తులు. ఇక్కడ రెండోవైపు తప్పు కూడా ఉంది. భయం కొద్దీ 30, 40 దగ్గరే నెలల తరబడి ఆపేసే కేంద్రాల్లో రోగులు మధ్యాహ్నానికే బాధపడి, సాయంత్రం సూది వెతుక్కుంటారు. చాలీచాలని డోసు ఇచ్చి, మానలేదని అతన్నే తప్పుపట్టడం అన్యాయం.

రోజులు తప్పినప్పుడు ఏం చేయాలన్నది గోడ మీద రాసి పెట్టుకోవాలి. ఒకటి, రెండు రోజులు రాకపోతే, మత్తులో లేడని చూసుకుని పాత డోసే ఇవ్వవచ్చు. వరుసగా మూడు, నాలుగు రోజులు తప్పితే వైద్యుడు చూసి సుమారు సగానికి తగ్గించి, మళ్ళీ మెల్లగా పెంచాలి. ఐదు రోజులు, అంతకుమించి అయితే కొత్తగా వచ్చిన రోగిలాగే మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈ నియమాన్ని రోగికి శిక్షలా చెప్పకండి. "నీ శరీరం అలవాటు తప్పింది నాయనా, పాత డోసు ఇస్తే నీ ప్రాణానికే ముప్పు" అని చెబితే అర్థం చేసుకోనివారు అరుదు.

కిటికీ దగ్గర

మందు ఇచ్చే కిటికీ దగ్గర జరిగే పొరపాట్లలో అన్నిటికంటే ప్రమాదకరమైనది మిల్లీగ్రామునూ మిల్లీలీటరునూ కలగాపులగం చేయడం. మెథడోన్ ద్రావణం ఒక మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండేదీ ఉంది, 5 మిల్లీగ్రాములు ఉండేదీ ఉంది. 30 మిల్లీగ్రాములు ఇవ్వమని వైద్యుడు రాస్తే, రెండో రకం సీసాలోంచి 6 మిల్లీలీటర్లు తీయాలి. తొందరలో 30 మిల్లీలీటర్లు కొలిస్తే అది 150 మిల్లీగ్రాములు, కొత్త రోగి ప్రాణం తీయగల మోతాదు. కాబట్టి చీటీ మీద రెండు అంకెలూ రాయించండి, కొలిచేటప్పుడు గట్టిగా చదవండి, రెండో మనిషి చూసి సంతకం పెట్టాలి. కేంద్రంలో ఎప్పుడూ ఒకే గాఢత ఉన్న సీసాలు ఉంచండి.

రోగి కిటికీ దగ్గరకు రాగానే ఫోటోతో ముఖం పోల్చి, పేరు మీరు చెప్పకుండా అతన్నే చెప్పమనండి. ఒకటి, రెండు మాటలు మాట్లాడించండి. మాట తడబడుతోందా, కనురెప్పలు వాలుతున్నాయా, కనుపాపలు గుండుసూది మొనలా ఉన్నాయా, మద్యం వాసన వస్తోందా అన్నవి అర నిమిషంలో తెలిసిపోతాయి. తూగుతూ వచ్చినవాడికి డోసు ఇవ్వకూడదు. కోప్పడకుండా కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, రెండు మూడు గంటల తర్వాత మళ్ళీ చూడాలి, వైద్యుడికి చెప్పాలి. మందు అతను మీ ఎదుటే తాగాలి. తర్వాత అదే గ్లాసులో నీళ్ళు పోసి తాగించి, "ఇవాళ పని దొరికిందా, టిఫిన్ చేశావా అన్నా" అని పలకరించండి. జవాబు చెప్పాలంటే మింగాలి. మింగాడో లేదో నోరు తెరిపించి చూసే అవమానం లేకుండానే తేలుతుంది. ఆ పలకరింపు కొందరికి ఆ రోజంతటిలో తమను మనిషిగా చూసిన ఒకే ఒక్క మాట కావచ్చు.

నిలకడగా వస్తున్నవారికి మందు ఇంటికి ఇవ్వడం గడపను ఇంకా తగ్గిస్తుంది. అమెరికాలో 2024లో మారిన నిబంధనల ప్రకారం మొదటి రెండు వారాల్లోనే ఏడు రోజుల వరకు, నెల దాటాక 28 రోజుల వరకు ఇంటికి ఇవ్వడానికి వైద్యులకు వీలుంది; చేరడానికి ఏడాది వ్యసన చరిత్ర ఉండాలన్న పాత షరతునూ తీసేశారు. మన కేంద్రాల్లో స్థానిక మార్గదర్శకాలు అనుమతించిన మేరకే ఇవ్వాలి. ఇచ్చినప్పుడు పిల్లలు తెరవలేని మూత, తాళం వేసే పెట్టె తప్పనిసరి. పంచదార పాకంలా తియ్యగా ఉండే ఆ ద్రావణం ఒక్క గుక్క చిన్న పిల్లల ప్రాణం తీయగలదు. ఫ్రిజ్‌లోనో, వంటింటి అరలోనో పెట్టవద్దని ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పాలి.

ఇతర జబ్బులు, ఇతర మందులు

సూదులు పంచుకున్నవారిలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి, క్షయ ఎక్కువ. ఆ పరీక్షలన్నీ వేరే భవనాలకు తిప్పకుండా మందు తాగే చోటే చేయించగలిగితే చాలామంది చేయించుకుంటారు. క్షయకు వాడే రిఫాంపిసిన్ మెథడోన్‌ను శరీరం నుంచి వేగంగా తోసేస్తుంది. నెలల తరబడి హాయిగా ఉన్న రోగి టీబీ మందులు మొదలైన వారంలోనే చెమటలు, ఒళ్ళు నొప్పులతో వచ్చి డోసు చాలడం లేదంటే, అతను నాటకమాడుతున్నాడని అనుకోకండి. డోసు పెంచాలి, టీబీ కోర్సు అయిపోయి రిఫాంపిసిన్ ఆపాక జాగ్రత్తగా తగ్గించాలి కూడా. ఈ రెండో సగం మరిచిపోవడం ప్రమాదం. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వంటి మూర్ఛ మందులు, హెచ్‌ఐవీకి వాడే ఎఫావిరెంజ్, నెవిరపైన్ కూడా ఇలాగే చేస్తాయి. డోల్యుటెగ్రావిర్‌తో ఆ చిక్కు లేదు. ఫ్లూకొనజోల్ దీనికి విరుద్ధంగా మెథడోన్ స్థాయిని పెంచుతుంది.

గుండె లయ మీద మెథడోన్ ప్రభావం ఉంటుంది. ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయారా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా అని అడిగి, అవునంటే ఈసీజీ తీయించాలి. ఈసీజీలో కనిపించే క్యూటీసీ విరామం (గుండె ప్రతి స్పందన తర్వాత తేరుకునే సమయానికి కొలత) 500 మిల్లీసెకన్లు దాటితే మోతాదు తగ్గించడమో, బ్యూప్రినార్ఫిన్‌కు మార్చడమో వైద్యుడు ఆలోచించాలి. అయితే ఈసీజీ యంత్రం పాడైందని ఏ ప్రమాద సూచనా లేని మనిషికి చికిత్స వాయిదా వేయడం సరికాదు.

గర్భిణి వస్తే ఆ రోజే చేర్చుకోవాలి. బిడ్డకు మంచిదని ఓపియాయిడ్లు ఒక్కసారిగా మాన్పిస్తే గర్భస్రావం, నెలలు నిండని కాన్పు జరిగే ముప్పు ఉంది. మెథడోన్ కొనసాగించాలి, చివరి నెలల్లో డోసు పెంచడమో, రోజుకు రెండుసార్లుగా విడదీయడమో అవసరం కావచ్చు. పుట్టిన బిడ్డకు కొన్ని రోజులు విత్‌డ్రాయల్ లక్షణాలు రావచ్చు, వాటికి చికిత్స ఉంది, తల్లి పాలు ఇవ్వవచ్చు. ఆడవాళ్ళు మగవాళ్ళ వరుసలో నిలబడటానికి జంకుతారు కాబట్టి వేరే వేళ కేటాయించడం మేలు.

మళ్ళీ సూది వాడితే

చికిత్సలో ఉండగా హెరాయిన్ వాడాడని తెలిస్తే చేయవలసిన మొదటి పని డోసు సరిపోతోందా అని చూడటం. రెండోది, శుభ్రమైన సూది, సిరంజి ఇవ్వడం. పేరు కొట్టేయడం ఈ వరుసలో లేదు. జ్వరం తగ్గలేదని జ్వరం మందు ఆపే వైద్యుడు ఉండడు. మూత్రపరీక్షను రోగితో మాట్లాడటానికి, డోసు సరిదిద్దడానికి వాడండి. పరీక్షకు భయపడనివాడు నిజం చెబుతాడు. నిజం తెలిస్తే అతను మెథడోన్ మీద ఇంకేం కలుపుతున్నాడో మీకు తెలుస్తుంది. కేంద్రంలో కొట్లాట, మందు అమ్మకం, సిబ్బందిని బెదిరించడం వంటివి సహించకూడదు, వాటికి ముందే చెప్పిన నియమాలుండాలి. అప్పుడు కూడా ఒక్కరోజులో మందు ఆపేయకుండా వేరే కేంద్రానికి అప్పగించడానికి ప్రయత్నించాలి.

ఊపిరి ఆగే పరిస్థితి గురించి రోగులకు, ఇంట్లోవాళ్ళకు, వెంట తిరిగే స్నేహితులకు మొదటి వారంలోనే నేర్పండి. పిలిస్తే పలకకపోవడం, పెదాలు నీలంగా మారడం, గొంతులో గరగరమంటూ వింతగా గురక పెట్టడం, నిమిషానికి నాలుగైదు ఊపిరులే తీయడం గుర్తులు. నిద్రపోనీ అని వదిలేసిన గురకే చాలామందిని బలిగొంది. 108కి ఫోన్ చేయాలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి అందించాలి. కేంద్రంలో ఓపియాయిడ్ ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ ఇంజెక్షన్లు ఎప్పుడూ చేతికందేలా ఉండాలి, 0.4 మిల్లీగ్రాములు కండకు ఇచ్చి, రెండు మూడు నిమిషాల్లో తెలివి రాకపోతే మళ్ళీ ఇవ్వాలి. నాలోక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలు, మెథడోన్ ఉండేది ఒక రోజుకు పైగా. లేచి కూర్చుని మాట్లాడాడని ఇంటికి పంపితే రాత్రికి మళ్ళీ ఊపిరి ఆగవచ్చు. ఆస్పత్రిలో పర్యవేక్షణ తప్పదు.

మన దగ్గర పరిస్థితి

2019లో వెలువడిన జాతీయ సర్వే అంచనా ప్రకారం మన దేశంలో ఓపియాయిడ్ల వల్ల సహాయం అవసరమైనవారు సుమారు 77 లక్షలు, సూదితో మత్తుమందు తీసుకునేవారు సుమారు 8.5 లక్షలు, వీరి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. మెథడోన్ మన దేశానికి 2012లో వచ్చింది, ఇప్పటికీ కొద్ది ప్రభుత్వ కేంద్రాల్లోనే దొరుకుతుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద నడిచే ఓఎస్టీ (మత్తుమందు బదులు మందు ఇచ్చే) కేంద్రాల్లో ఎక్కువగా ఇచ్చేది నాలుక కింద పెట్టుకునే బ్యూప్రినార్ఫిన్. మీ దగ్గర ఆ మందే ఉంటే, పైన తలుపు గురించి చెప్పిన ప్రతి మాటా దానికీ వర్తిస్తుంది. మోతాదుల లెక్క మాత్రం వేరు.

చట్టం అనుకున్నంత అడ్డు కాదు. మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టానికి 2014లో చేసిన సవరణ అత్యావశ్యక మాదకద్రవ్య ఔషధాలనే కోవను ఏర్పరచి, వాటి అనుమతుల పద్ధతిని సులభం చేసింది; మెథడోన్ ఆ కోవలోకి వచ్చింది. అదే చట్టంలోని 64ఎ సెక్షన్, వాడకం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసులో ఉండి స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యక్తికి విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఇటువంటి ముప్పు తగ్గించే కార్యక్రమాలను నేరంగా చూడకూడదని చెబుతుంది. స్థానిక పోలీసు స్టేషన్ అధికారికి వీటిని ముందే వివరించి, కేంద్రం గేటు దగ్గర తనిఖీలు పెట్టకుండా ఒప్పించడం కేంద్రం నడిపేవారి పనిలో భాగమే. గేటు దగ్గర ఒక్కసారి పోలీసు జీపు ఆగితే వారం పాటు వరుస సగానికి పడిపోతుంది. సమీపంలో ఏ కేంద్రం ఉందో కనుక్కోవడానికి కుటుంబాలు 14446కు, హెచ్‌ఐవీ విషయాలకు 1097కు ఫోన్ చేయవచ్చు.

ఎన్నాళ్ళు వాడాలని అందరూ అడుగుతారు. మేలు జరుగుతున్నంత కాలం అన్నదే నిజమైన జవాబు. కొందరికి ఏడాదిన్నర, కొందరికి పదేళ్ళు. మానాలని రోగి తానే కోరుకుంటే నెలల వ్యవధిలో కొద్దికొద్దిగా తగ్గించాలి, బాధ మొదలైతే ఆగాలి, అవసరమైతే మళ్ళీ పెంచాలి. మానేసిన తర్వాతి వారాలు మళ్ళీ ప్రమాదపు రోజులే కాబట్టి, ఎప్పుడైనా తిరిగి రావచ్చని, వస్తే ఆ రోజే మందు దొరుకుతుందని చెప్పి పంపాలి.

పెళ్ళికో, పనికో ఊరు వెళ్ళేవారికి, ఆస్పత్రిలో చేరేవారికి, జైలుకు వెళ్ళేవారికి ఒక ఉత్తరం ఇవ్వండి. చివరి డోసు ఎన్ని మిల్లీగ్రాములు, ద్రావణం గాఢత ఎంత, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరి ఎదుట తాగాడు, ఇంకేం మందులు వాడుతున్నాడు అన్నవి అందులో ఉండాలి. కింద వైద్యుడి సంతకం, కేంద్రం ముద్ర, ఫోన్ ఎత్తే మనిషి ఉన్న నంబరు ఉండాలి. అవతలి కేంద్రం ఆ నంబరుకు ఫోన్ చేసి ధ్రువీకరించుకున్నాకే మందు ఇస్తుంది కాబట్టి, పని వేళల్లో ఆ ఫోన్ మోగితే ఎవరు ఎత్తాలో పేరు రాసి కిటికీ పక్కన అంటించండి.